అనుమానం సారూ, ఆయన అంబాసిడరూ

ఎల్బీనగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం వైపు మళ్ళే చోట ఒక కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. అక్కడ ఎప్పుడూ ఎవరిదో ఒకరిది ఉంటుంది, చూసీ చూడనట్టు పోతుంటాం. మొన్న సిగ్నల్ పడి బండి ఆపితే ఆ ఫ్లెక్సీలోంచి ఒక ముఖం నన్ను అనుమానంగా చూసింది. గుర్తుపట్టడానికి ఆ చూపే చాలింది. ముక్కు కొసకు జారిన కళ్ళజోడు, దాని పైనుంచి రెండు కళ్ళు, ‘నువ్వు ఫొటోనే తీస్తున్నావా, ఇంకేమైనా తీస్తున్నావా’ అన్నట్టు. ఎవరు తీశారో గానీ ఫొటో బాగా తీశారు.

పచ్చ లైటు పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. బండి పక్కకు తీసి కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆయన పేరు ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం రాయను. రాస్తే, ‘నన్నడక్కుండా నా పేరెందుకు వాడావయ్యా’ అంటాడు. మా షాపులో ఆయన పేరు అనుమానం సారు. ఎదురుగా ఉన్నప్పుడు ఉత్త సారు, అటు వెళ్ళగానే అనుమానం సారు.

నాది కార్ల కరెంటు పని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట పోయే దారిలో, మెట్రో పిల్లర్ల పక్క సందులో రేకుల షెడ్డు. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, లైట్లు, హారన్లు, బ్యాటరీలు, ఇదే నా లోకం. అనుమానించే గిరాకీలు నాకు కొత్త కాదు. కారు వదిలి వెళ్తే లోపల ఏ పార్టు మార్చేస్తామో అని సగం మందికి భయం. మా వాళ్ళలో కొందరు మారుస్తారు కూడా, కాదనను. అయితే మామూలు మనిషి అనుమానం టీ వచ్చేదాకా ఉంటుంది. తర్వాత ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఈయన అలా కాదు. అనుమానించడం ఒక ఉద్యోగంలా చేసేవాడు, అది కూడా సెలవు పెట్టకుండా. ఏదో ఆఫీసులో స్టోర్స్ చూసి రిటైరయ్యాడట. ఆ స్టోర్స్‌లోంచి ఒక్క మేకు కూడా బయటికి పోయి ఉండదు.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. ‘నమ్మకం ఉంది గానీ, ఒకసారి చూస్తాను.’ టీ తెప్పిస్తే గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు. నమ్మకం ఉంది గానీ అంటూ హోటలు దాకా నడిచి వెళ్ళి, గ్లాసులు కడిగే నీళ్ళు చూసొచ్చి, చల్లారిన టీ తాగేవాడు. పెట్రోలు బంకులో కారు దిగి పంపు పక్కన నిలబడేవాడు, పెట్రోలు పోసే మనిషి చేతినీ మీటరునూ మార్చి మార్చి చూస్తూ. కొత్తపేట రైతుబజారుకు పోతే సంచిలో సొంత అరకేజీ తూకంరాయి. కూరగాయలామె కాంటా మీద ముందు తన రాయి పెట్టి, అంకె సరిగ్గా పడితేనే టమాటాలు పోయమనేవాడు. ఒకరోజు ఆమెకు చిర్రెత్తుకొచ్చి, “సార్, మా కాంటా మంచిగనే ఉన్నది. నీ రాయే అరిగిందేమో సూస్కో” అందట. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదు. మర్నాడు పొద్దున్నే నా షాపుకొచ్చి, తూకంరాయిని తూచి చెప్పేవాళ్ళు ఎక్కడుంటారని అడిగాడు.

ఆయన మాట తీరు కృష్ణా గుంటూరు వైపుది. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని ఏళ్ళయినా మా యాస ఒక్క ముక్క అంటించుకోలేదు. నేనేదైనా చెప్తే, “అదేవిటి, మళ్ళీ చెప్పు” అనేవాడు. యాస అర్థం కాక కాదు. రెండోసారి చెప్పినప్పుడు మాట మారుతుందేమో చూడటానికి.

కారు తెల్ల అంబాసిడర్, పాతకాలం మోడలు. ఆయనకంటే కొంచెం చిన్నది, అంతే. నలభై ఏళ్ళుగా దాన్ని ఆయన తప్ప ఇంకొకరు నడపలేదు. దాని ముందు సీటు బెంచీలా ఒకటే ఉంటుంది. దాని మీద ఎడమ పక్కన ఆయన భార్య కూర్చునేది, ఒళ్ళో సంచి పెట్టుకుని. సన్నటి మనిషి. ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే ముఖం. పిల్లలు లేరు. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మలక్‌పేటలోని ఆసుపత్రిలో డయాలిసిస్. మధ్యాహ్నం పోతే బయటికొచ్చేసరికి సాయంత్రం. అప్పటికి ఆమెకు నిలబడే ఓపిక కూడా ఉండేది కాదు.

ఆమెను క్యాబులో తీసుకెళ్ళడు. డ్రైవర్ ఎవరో, లైసెన్సు ఎవరిదో. ఆటో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. అంబులెన్సు వాళ్ళకూ ఆసుపత్రులకూ లాలూచీ అని ఆయన గట్టి నమ్మకం. ఆమెను తీసుకెళ్ళి తెచ్చే పనికి ప్రపంచం మొత్తం మీద ఆయన నమ్మిన డ్రైవరు ఒక్కడే, తను.

ఇక్కడే డైనమోతో చిక్కొచ్చింది. పాత కార్లలో బ్యాటరీకి కరెంటు ఎక్కించేది డైనమో. ఇంజను పరుగెత్తుతుంటేనే అది పని చేస్తుంది. సిగ్నల్లో ఆగితే దానికి చేతకాదు, అప్పుడు బ్యాటరీలో దాచుకున్నదే ఖర్చవుతుంది. ఆ కార్లు తయారైన రోజుల్లో రోడ్డు మీద ఆగే పని లేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట పోవడమంటే ఆగడమే, మధ్యమధ్య కాస్త కదలడం. ఒక వానాకాలం సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కారు ఆగిపోయింది. లైట్లు, వైపర్లు అన్నీ కలిసి బ్యాటరీని పీల్చేశాయి. ఆమె చేతికి కట్టుతో లోపల వణుకుతూ కూర్చుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నలుగురు వానలో తడుస్తూ కారు తోశారట. ఈయన స్టీరింగు వదిలి వెనక్కి తిరిగి తిరిగి చూశాడట, వాళ్ళు వెనక లైట్లు పీక్కుపోతారేమోనని. ఈ సంగతి నాకు ఆమే చెప్పింది. చెప్తూ నవ్వింది. ఆయన నవ్వలేదు.

“సార్, గీ డైనమోను ఇంకెన్ని మాట్ల బాగుచేస్తం?” అన్నాను. “తీసేసి ఆల్టర్నేటర్ పెట్టుకుందం. సిగ్నల్ల నిలబడ్డా ఛార్జింగ్ అయితది. అమ్మ పరేషాన్ గాదు.”

“అంటే ఈ డైనమో నీకు కావాలి.”

“నాకెందుకు సార్?”

“అందులో రాగి ఉంది.”

నాకు కోపం నషాళానికి అంటింది. ఆ డైనమోలో రాగి అమ్మితే నా ఇంటికి రెండు పూటల కూరగాయలు కూడా రావు. ఆ మాటే అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం” అని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. “నమ్మకం ఉంది గానీ, ఇంకో ఇద్దర్ని అడిగాను. వాళ్ళూ నీ మాటే అన్నారు. అందుకే నాకు అనుమానంగా ఉంది. ముగ్గురు మెకానిక్కులు ఒకే మాట అనడం నా జన్మలో వినలేదు.”

అయినా ఒప్పుకున్నాడు. ఆ వాన సాయంత్రం ఆయన్ని భయపెట్టింది.

పని మొదలుపెట్టిన రోజు పొద్దున్నే ఇనప స్టూలు తెచ్చుకుని బానెట్ పక్కన వేసుకున్నాడు. జేబులోంచి ఒక చిన్న సీసా తీశాడు. భార్య గోళ్ళ రంగు, ఎర్రది. నేను విప్పబోయే ప్రతి పార్టు మీదా ముందే ఒక చుక్క పెట్టాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ చుక్క కనబడాలి, లేకపోతే పార్టు మారిందని లెక్క. డిస్ట్రిబ్యూటర్ మీద చుక్క, కాయిల్ మీద చుక్క, ఆఖరికి బానెట్‌ను ఎత్తిపెట్టే కడ్డీ మీద కూడా చుక్క. విప్పిన డైనమోను పాత తువ్వాలులో చుట్టి, తన కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆయన మీద నాకూ అనుమానమే. ఈ డైనమోను అంత భద్రంగా ఇంటికెందుకు మోసుకుపోతున్నాడు? నేను పెట్టే కొత్త ఆల్టర్నేటర్ ఎక్కడైనా మార్చుకుని, నువ్వు డూప్లికేట్ వేశావని నా మీదికొస్తే? ఇలాంటి పెద్దమనుషులను కూడా చూశాను. అందుకని నేనూ ఒక పని చేశాను. షాపులో పసుపు పెయింటు ఉంటే, ఆల్టర్నేటర్ అడుగున ఒక చుక్క పెట్టాను. ఆయన చూశాడు. ముఖంలో నా మీద కొంచెం గౌరవం కనబడింది.

ఆల్టర్నేటర్‌ను ఇంజను పక్కన కూర్చోబెట్టడానికి పాత బ్రాకెట్టు సరిపోదు. పక్క షెడ్డులో లేత్ పెట్టుకున్న భాయ్ కొత్తది కోసిచ్చాడు. దాన్ని బిగించడానికొచ్చి, ఎర్ర చుక్కా పసుపు చుక్కా చూసి భాయ్ పకపకా నవ్వాడు.

“ఏంది ఉస్తాద్, పసుపు కుంకుమ బెట్టిండ్రు. దీనికి షాదీ చేస్తున్నరా?”

నేను నవ్వాను. ఆయనతో వచ్చి కార్లో కూర్చున్న ఆమె నవ్వింది. ఆయన భాయ్ చేతిలో స్పానర్ ఎవరిదో కనుక్కునే పనిలో ఉన్నాడు.

ఈ మార్పులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఆ కాలం కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి బిగించి ఉండేది. ఇప్పటి కార్లన్నిటికీ బాడీకి పోయేది నెగెటివ్. ఆల్టర్నేటర్ పెట్టాక ఈ కారు కూడా ఇప్పటి దారిలోకి రావాల్సిందే. మళ్ళీ ఎవరైనా పాత పద్ధతిలో బ్యాటరీ బిగిస్తే లోపలి డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి. ఇది నేను మామూలు గిరాకీకి చెప్పను, బ్యాటరీతో వాళ్ళకు పనుండదు కాబట్టి. ఈయనకు ఉంది. కాలనీలో ఎవరిదో బ్యాటరీ దొంగలెత్తుకుపోయారని విన్నప్పటి నుంచీ రోజూ రాత్రి తన బ్యాటరీ విప్పి ఇంట్లోకి మోసుకుపోయి మంచం పక్కన పెట్టుకోవడం, పొద్దున్నే మళ్ళీ తెచ్చి బిగించడం ఆయన అలవాటు.

“ఆ మోసుడు బంద్ చేయండ్రి సార్” అన్నాను. వినలేదు. అప్పుడు విడమర్చి చెప్పాను. ఆయన తనకు అలవాటైనట్టే రెండోసారి చెప్పించాడు. తర్వాత తనే భార్యకు చెప్పాడు. “ఇకనుంచి బాడీకి నెగెటివ్. ఎర్ర టేపు ఉన్నది పాజిటివ్. తిరగబడిందా, కొంప మునిగినట్టే.” నాకంటే బాగా చెప్పాడు.

కొన్ని వారాలు కారు బ్రహ్మాండంగా నడిచింది. మలక్‌పేట పోతూ వస్తూ నా షాపు ముందు ఆగి, హారను కొట్టి, ఇంజను ఆపకుండా అమ్మీటరు చూపించేవాడు. ముల్లు ఛార్జింగు వైపు నిటారుగా నిలబడేది.

“ఇంత బాగా చూపిస్తోందంటే మీటరు పాడైందేమోనయ్యా.”

“ఆయన మాటలు పట్టించుకోకు బాబూ” అనేది ఆమె నాతో, ఆయన వినేటట్టే.

ఒకరోజు పొద్దున ఫోన్. “పొగొచ్చింది. రా.” అంతే. బండి మీద వనస్థలిపురం పోయాను. గేటు ముందు కారు, బానెట్ ఎత్తి ఉంది. కాలిన వాసన. ఆ రోజు ఏదో పరీక్ష ఉందని ఆమె పొద్దున్నే తయారై సంచితో ముందు సీట్లో కూర్చుని ఉంది.

“డూప్లికేట్ అని నాకు ముందే తెలుసు” అన్నాడాయన.

నేను బానెట్ కిందికి వంగాను. బ్యాటరీ తిరగబడి ఉంది. బాడీకి పోయే తీగ చివరి క్లాంపు నెగెటివ్ కొమ్ముకు సరిపోయే సన్నది. దాన్ని ఎవరో స్క్రూడ్రైవరుతో విడదీసి, లావుగా ఉండే పాజిటివ్ కొమ్ము మీద కొట్టి మరీ కూర్చోబెట్టారు. నేను చుట్టిన ఎర్ర టేపు ఊడి కింద మట్టిలో ఉంది.

“సార్, బ్యాటరీ ఎవరు బిగించిండ్రు?”

“ఎవడో వచ్చి తిప్పాడు. రాత్రి బ్యాటరీ కోసం వచ్చినవాడు.”

“రాత్రి బ్యాటరీ ఇంట్లనే ఉంటది కద సార్, మీ మంచం కాడ.”

కాసేపు ఆలోచించాడు. “అయితే పొద్దున వచ్చి బిగించాడు.”

దొంగ పొద్దున్నే ఇంట్లోకొచ్చి, బ్యాటరీ ఎత్తి, తెచ్చి కారుకు బిగించి పోయాడా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు కార్లోంచి ఆమె గొంతు వినబడింది, మెల్లగా. “మీరే బిగించారండీ. పొద్దున్న లేవగానే. కాఫీ ఇస్తే ముందు ఇదవనీ అన్నారు.”

“నేనా?”

దబాయింపు కాదది. నిజంగా అడిగాడు. ప్రహరీ గోడ మీద కాఫీ గ్లాసు అలాగే ఉంది, పైన తెట్టు కట్టి. ఆయన దాని దగ్గరికి వెళ్ళి, చేత్తో పట్టుకుని, కళ్ళజోడు పైనుంచి చాలాసేపు చూశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఆయన ఇంటికంటే ఇంకా లోపల దూరాడు. బ్యాటరీ తిరగేసి బిగించడం పెద్ద విషయం కాదు, నలభై ఏళ్ళ అలవాటు చేతులను లాక్కుపోయి ఉంటుంది. అసలు బిగించిన సంగతే ఆయనకు గుర్తు లేదు.

ఆ రోజు భాయ్‌ని పిలిస్తే తన కారు తెచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈయన వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా భాయ్ గేర్లు మార్చే చేతిని చూశాడట. ఆల్టర్నేటర్ విప్పి, డయోడ్లు మార్చి రెండు రోజుల్లో కారు సిద్ధం చేశాను. ఆయన వచ్చాడు. స్టూలు వేసుకోలేదు. గోళ్ళ రంగు సీసా తీయలేదు. “అయిందా” అన్నాడు. అయిందన్నాను. “సరే” అన్నాడు. నమ్మకం ఉంది అనలేదు, చూస్తాను అనలేదు. ఆయన తిట్టిన రోజుల్లో నాకు వచ్చిన కోపం కన్నా, ఆ సరే విన్నప్పుడు వచ్చిన దిగులు ఎక్కువ.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఒక్కడే వచ్చాడు, అదీ సిటీ బస్సులో. కండక్టరు ఇచ్చిన టిక్కెట్టు ఇంకా చేతిలోనే ఉంది. నా పక్క బల్ల మీద కూర్చుని, గొంతు తగ్గించాడు.

“ఏవయ్యా, కారు స్టార్టు కాకుండా దొంగ స్విచ్చి ఒకటి పెడతారట కదా, ఎక్కడో కనబడని చోట?”

“పెడ్తం సార్. గా స్విచ్ ఏడున్నదో ఓనర్‌కి, పెట్టినోనికి తప్ప ఎవలకు తెల్వదు. అది ఒత్తకుంట తాళంచెవి ఎంత తిప్పినా బండి లేవదు. మీ కారుకు పెట్టాల్నా?”

“పెట్టు. కానీ అదెక్కడుందో నాకు చెప్పకు.”

నాకు అర్థం కాలేదు. “మరి ఎవలకు చెప్పాలె?”

“ఆవిడకి.”

రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఆయన వాటి వైపు చూస్తూ చెప్పాడు. “మొన్న ఆసుపత్రి నుంచి వస్తూ మన మలుపు దాటి హయత్‌నగర్ దాకా పోయాను. ఆవిడ చెప్తూనే ఉందట. నాకు వినబడలేదు. ఆవిడే దారి మర్చిపోయిందనుకున్నాను. ఒంట్లో శక్తి లేని మనిషిని ఇంకో గంట కార్లో తిప్పాను.” చేతిలోని టిక్కెట్టును మడతపెట్టాడు. “నా మీద నాకు అనుమానంగా ఉందయ్యా.”

“గట్లుంటే నడుపుడు బంద్ చేయండ్రి సార్.”

“మానేస్తానని ఇవాళ నీతో అంటాను. రేపు పొద్దున ఈ మాట నాకు గుర్తుండొద్దూ? కొన్ని రోజులు బాగానే ఉంటున్నాను. ఏ రోజు బాగుంటానో, ఏ రోజు ఉండనో నాకు తెలీదు. ఆవిడకి తెలుస్తుంది. కానీ ఆవిడ వద్దంటే నేను వినను. నలభై ఏళ్ళలో ఎప్పుడూ విన్లేదు. కారు వద్దంటే వింటాను.”

మర్నాడు ఇద్దరూ కార్లో వచ్చారు. పని మొదలుపెట్టే ముందు ఆయన దిగి, రోడ్డు దాటి, హోటలు ముందు నిలబడ్డాడు, మా వైపు వీపు పెట్టి. తన కారు మీద ఇంకొకరి చెయ్యి పడుతుంటే ఆయన చూడకుండా ఉండటం అదే మొదటిసారి. ఒక్కసారి కూడా తిరగలేదు. తిరగాలని ఆ వీపుకు ఎంత ఉందో నాకు ఇక్కడికి కనబడుతూనే ఉంది.

నేను స్విచ్చి ఆమె చెయ్యి తేలిగ్గా అందే చోట పెట్టాను. ఎక్కడో ఇప్పటికీ ఎవరికీ చెప్పను. ఆమె ఒకసారి నొక్కి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“రోజూ ఆయన ముఖం చూసి తీర్పు చెప్పాలా బాబూ నేను?”

“ఏం చేస్తం అమ్మా. సార్ నమ్మింది మిమ్మల్నొక్కరినే.”

“ఆ సంగతి ఇన్నాళ్ళకు, ఇలా చెప్పారు చూడు” అంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఆ నవ్వబోయే ముఖం పెట్టుకుని, ఆయన్ని రమ్మని హారను కొట్టింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. పక్కకు తిరిగి ఆమెను చూశాడు. ఆమె ఆయన్ని చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఇంజను లేచింది.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. కారు నా షాపు ముందు నుంచి పోతూనే ఉంది. హారను మాత్రం కొట్టేవాడు కాదు. కారు కనబడిన రోజు నాకు ప్రాణం కుదుటపడేది.

తర్వాత ఒకరోజు ఫోన్.

“కారు స్టార్టు కావట్లేదు. నువ్వేదో చేశావు.”

“అమ్మ ఏడున్నది సార్?”

“కార్లోనే ఉంది. ఆసుపత్రికి టైమవుతోంది. బ్యాటరీ బాగానే ఉంది, నేను చూశాను. పెట్రోలుంది. ఆల్టర్నేటర్లో ఏదో మతలబు చేశావు. నిజం చెప్పు.”

స్విచ్చి మాట వస్తుందేమోనని ఆగాను. రాలేదు. అలాంటిది ఒకటుందనీ, తనే పెట్టించాడనీ ఆయనకు గుర్తు లేదు. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. “ఆటో వచ్చిందండీ. ఆలస్యమవుతోంది, రండి.” దాంతో నాకంతా అర్థమైంది. ఆ రోజు ఆమె ఆయన ముఖం చూసింది, స్విచ్చి నొక్కలేదు.

“అడుగుతుంటే పలకవేం? డూప్లికేట్ వేశావా, లేదా?”

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఎన్నిసార్లు దొంగన్నాడో, అన్నిసార్లూ నేను మీదికి లేచాను. ఆ రోజు లేవలేదు.

“ఏసిన సార్” అన్నాను. “డూప్లికేటే ఏసిన. తప్పయింది.”

అవతల ఆయన అరిచాడు, నాతో కాదు, ఆమెతో. “ఏవోయ్, విన్నావా! వాడు ఒప్పుకున్నాడు! నేను ముందే అన్నానా, లేదా?”

ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పెళ్ళిపందిట్లో పిల్లాడిలా ఉంది.

“అన్నారు. మీరన్నదే నిజం. ఇంక ఎక్కండి” అంది ఆమె.

ఆటోలో ఎక్కాడు. అది కదిలిన చప్పుడు నాకు వినబడింది. ఫోన్ పెట్టేయడం మరిచిపోయి జేబులో వేసుకున్నాడు. చొక్కా గుడ్డ రాపిడిలోంచి ఆయన మాటలు వస్తూనే ఉన్నాయి. మీటరు వేశావా, ఇటెందుకు తిప్పావు, ఈ ఆటో నీదేనా, అద్దం నీదేనా. ఆటో అతను ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్తున్నాడు. మధ్యలో ఆమె దగ్గింది. ఆయన వెంటనే, “నెమ్మదిగా పోనీ బాబూ, ఆవిడకి బాగోలేదు” అన్నాడు.

నా ముందు ఒక కారు బానెట్ ఎత్తి ఉంది, గిరాకీ నిలబడి ఉన్నాడు. నేనూ ఫోన్ పెట్టలేదు. వాళ్ళు మలక్‌పేటలో దిగేదాకా విన్నాను.